‘ప్రశాంతమైన ఏరియా’లో ఇల్లు: దళితులు తెలుసుకోవాల్సిన చరిత్ర, చట్టం

హైదరాబాద్ పడమటి శివార్లలో కొత్త వెంచర్ బ్రోచర్ ఏది తెరిచినా మూడు మాటలు కనిపిస్తాయి: ప్రశాంతమైన వాతావరణం, చుట్టూ పచ్చదనం, మంచి ఇరుగుపొరుగు. మొదటి రెండింటికీ చదరపు అడుగుకు ఇంత అని ధర ఉంటుంది, డబ్బున్నవాళ్లు కట్టి తీసుకుంటారు. మూడోదాని లెక్క వేరు. ఎవరు మంచి ఇరుగుపొరుగు, ఎవరు కాదు అన్నది బ్రోచర్‌లో రాయరు. సేల్స్ ఆఫీసులో ఇంటిపేరు అడిగినప్పుడు, టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే ‘మీరేమిట్లు?’ అన్నప్పుడు, అసోసియేషన్ మీటింగులో కుర్చీలు సర్దుకున్నప్పుడు అది బయటపడుతుంది.

ఉద్యోగాల్లో, యూనివర్సిటీల్లో మొదటి తరంగా అడుగుపెట్టిన దళితులు ఇప్పుడు గచ్చిబౌలి, నల్లగండ్ల, తెల్లాపూర్, కొంపల్లి వంటి చోట్ల ఇళ్లు వెతుక్కుంటున్నారు. వాళ్లకూ, వాళ్ల పక్షాన నిలబడే కార్యకర్తలకూ, ఈ అంశంపై పని చేయాలనుకునే విద్యార్థులకూ పనికొచ్చేలా చరిత్రనూ చట్టాన్నీ ఒకచోట పెట్టాలని ఈ వ్యాసం రాస్తున్నాం. మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. అంటరానితనం పేరుతో ఇల్లు దక్కకుండా చేయడం 1955 నుంచే నేరం. కానీ ‘మీరు దళితులు కాబట్టి ఇవ్వం’ అని నోటితో చెప్పకుండానే పని జరిగిపోయే పద్ధతి ఊరి నుంచి శివారు దాకా తయారైంది. నోటితో చెప్పని ఆ తిరస్కరణను కాగితం మీదికి ఎక్కిస్తే తప్ప ఉన్న చట్టం కదలదు, కొత్త చట్టం రాదు.

బరోడా సత్రం నుంచి రాజగృహ దాకా

ఈ దేశంలో ఇంటి వివక్ష గురించి మనకున్న అతి స్పష్టమైన సాక్ష్యం అంబేడ్కర్ సొంత అనుభవమే. కొలంబియా, లండన్‌లలో చదివి, 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరడానికి ఆయన వెళ్లారు. హిందూ హోటళ్లు చేర్చుకోవని తెలుసు. పార్శీ పేరు పెట్టుకుని ఒక పార్శీ సత్రంలో డబ్బు కట్టి దిగారు. పదకొండో రోజు ఉదయం కర్రలు పట్టుకుని కొందరు పార్శీలు గది ముందుకొచ్చారు. సాయంత్రానికల్లా ఖాళీ చేయాలన్నారు.

ఆ తర్వాత జరిగింది మన అంశానికి ఇంకా దగ్గర. ఆయన ఇద్దరు మిత్రులను ఆశ్రయం అడిగారు. హిందూ మిత్రుడు, నువ్వు మా ఇంటికొస్తే నౌకర్లు మానేసి పోతారన్నాడు. క్రైస్తవంలోకి వచ్చిన బ్రాహ్మణ మిత్రుడు భార్యను అడిగి చెప్పాలన్నాడు. ఇద్దరిలో ఎవరూ తాము అంటరానితనం పాటిస్తామని చెప్పలేదు. తప్పును ఒకరు నౌకర్ల మీదికి, ఒకరు ఇంట్లోవాళ్ల మీదికి నెట్టారు. అంబేడ్కర్ ఒక పార్కులో గంటలు గడిపి రాత్రి బండెక్కి బొంబాయి వెళ్లిపోయారు. ఇవాళ ‘మాకేం అభ్యంతరం లేదండీ, కమిటీ ఒప్పుకోదు’ అనే ఓనరు మాట ఆ మిత్రుల మాటకు కొనసాగింపు.

సత్రం నుంచి గెంటేయించుకున్న మనిషి 1930ల తొలినాళ్లలో బొంబాయి దాదర్‌లోని హిందూ కాలనీలో సొంత ఇల్లు కట్టుకుని దానికి రాజగృహ అని పేరు పెట్టారు. దళితుడు మంచి పేటలో ఇల్లు కట్టుకోవడాన్ని విలాసమని, మనవాళ్లకు దూరమవడమని అనేవాళ్లు మనలోనూ ఉన్నారు. ఆ ఇల్లు వేల పుస్తకాలకు నీడనిచ్చింది. వెలివాడ బయట బతికే హక్కు కూడా హక్కేనని చాటింది. 2020 జులైలో అదే రాజగృహ ఆవరణలోకి దుండగులు చొరబడి పూలకుండీలు, కెమెరాలు పగలగొట్టారు.

బరోడా ఇవాళ వడోదర. 2024 జూన్‌లో అక్కడ ముఖ్యమంత్రి ఆవాస్ యోజన కింద ఒక ముస్లిం మహిళకు కేటాయించిన ఫ్లాటును రద్దు చేయాలని అదే సముదాయంలోని 33 మంది నివాసులు అధికారులకు అర్జీ పెట్టారు. ప్రభుత్వం కట్టి, ప్రభుత్వం లాటరీ తీసి ఇచ్చిన ఇల్లు అది. ఇరుగుపొరుగును ఎంచుకోవడం తమ హక్కని పక్కవాళ్లు అనుకోవడానికి అది ప్రైవేటు విల్లా కానక్కర్లేదని తేలింది.

డబ్బు వల్ల కాదు, కులం వల్లే

‘ఇది కులం కాదు, స్తోమత సమస్య’ అన్న వాదన తరచుగా వినిపిస్తుంది. దానికి జవాబు చెప్పే పరిశోధనలు రెండు గుర్తుంచుకోవాలి.

మొదటిది త్రిణా విదయత్తిల్, గాయత్రీ సింగ్ 2012లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ప్రచురించిన అధ్యయనం. 2001 జనాభా లెక్కల వార్డుస్థాయి సమాచారంతో హైదరాబాద్ సహా ఏడు పెద్ద నగరాలను పరిశీలించారు. ఆర్థిక, సామాజిక స్థాయిని బట్టి మనుషులు విడివిడిగా ఉండటం కంటే, కులాన్ని బట్టి విడివిడిగా ఉండటమే ఈ నగరాల్లో ఎక్కువని తేల్చారు. పల్లె వదిలి నగరానికొస్తే కులం కరిగిపోతుందన్న నమ్మకానికి ఇది ఎదురు సాక్ష్యం. వార్డు చాలా పెద్దది కాబట్టి ఒకే వార్డులో విల్లా కాలనీ, దాని గోడ పక్క బస్తీ రెండూ ఉంటే ఈ లెక్కకు ఆ గోడ కనబడదన్నది కూడా గమనించాలి.

రెండోది సుఖదేవ్ థోరట్, ఆయన సహ పరిశోధకులు ఢిల్లీ, నోయిడా, గుర్గావ్, ఘజియాబాద్, ఫరీదాబాద్‌లలో అద్దె ఇళ్లపై చేసి 2015లో అదే పత్రికలో ప్రచురించిన పరిశోధన. సవర్ణ హిందూ, దళిత, ముస్లిం పేర్లతో ఒకే తరహా ఇళ్ల కోసం ఓనర్లను, బ్రోకర్లను అడిగించారు. ఫోనులో సవర్ణ పేర్లకు దాదాపు అందరూ సరేనన్నారు. దళిత పేర్లలో సుమారు 18 శాతానికి నేరుగా లేదన్నారు. మరో 23 శాతానికి ఎక్కువ అద్దె వంటి షరతులు పెట్టారు. ముస్లిం పేర్లలో నేరుగా తిరస్కరణే సుమారు 31 శాతం. అడిగినవాళ్ల ఉద్యోగం, జీతం ఒకేలా ఉండగా మారింది పేరొక్కటే. ఈ పద్ధతిని జంట పరీక్ష అనవచ్చు. తెలుగు నగరాల్లో విద్యార్థి బృందాలు చేయదగిన పని కనుక దీని గురించి చివర్లో మళ్లీ చెబుతాం.

విల్లాల కింద ఎవరి భూమి

ప్లాటు కొనేవాళ్లు లాయరును మొట్టమొదట అడిగే ప్రశ్న: ‘ఇది అసైన్డ్ భూమి కాదు కదా?’ ఈ ప్రశ్నలోనే శివారు చరిత్ర ఉంది. అసైన్డ్ భూమి అంటే భూమిలేని పేదలకు, అందులో పెద్ద సంఖ్యలో దళితులకు, ప్రభుత్వం సాగు కోసం ఇచ్చిన భూమి. ఆంధ్రప్రదేశ్ అసైన్డ్ భూముల (బదిలీల నిషేధ) చట్టం, 1977 ప్రకారం ఆ భూమి కొంటే చెల్లదు. చేతులు మారితే ప్రభుత్వం స్వాధీనం చేసుకుని అసలు అసైనీకి తిరిగి ఇవ్వాలి. పేదల చేతిలోని భూమిని పెద్దలు కాజేయకుండా చేసిన చట్టమిది.

ఆచరణలో ఆ భూమికి ముప్పు కొనుగోలుదారు వైపు నుంచే రాలేదు. ‘ప్రజాప్రయోజనం’ పేరుతో ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. నగరం విస్తరించిన కొద్దీ రోడ్లకూ సంస్థలకూ పార్కులకూ మొదట చూపు పడింది ఈ భూములపైనే, ఎందుకంటే అవి చౌక. పట్టా రైతుకు మార్కెట్ ధర, అసైనీకి నామమాత్రపు ఎక్స్‌గ్రేషియా అన్న పద్ధతిని చేవెళ్ల ప్రాంతానికి చెందిన మేకల పాండు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లో తప్పుపట్టింది. అసైనీలకూ పట్టాదారులతో సమానంగా పరిహారం ఇవ్వాలని చెప్పింది. భూసేకరణ ఎదుర్కొంటున్న దళిత కుటుంబాలతో పనిచేసే ప్రతి కార్యకర్త దగ్గరా ఉండాల్సిన తీర్పు ఇది.

మరోవైపు పలుకుబడి ఉన్నవాళ్లకు నగరంలో ఇంటి స్థలం ఎలా దొరికిందో చూద్దాం. ఎంపీలు, ఎమ్మెల్యేలు, అఖిల భారత సర్వీసు అధికారులు, న్యాయమూర్తులు, జర్నలిస్టుల హౌసింగ్ సొసైటీలకు హైదరాబాద్ పరిసరాల్లో నాటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం చేసిన భూ కేటాయింపులను 2024 నవంబర్ 25న సుప్రీంకోర్టు కొట్టివేసింది. సమాజంలో ఇప్పటికే మెరుగైన స్థితిలో ఉన్నవారికి ప్రభుత్వ భూమిని చౌకగా ఇవ్వడం సమానత్వ సూత్రానికి విరుద్ధమని చెప్పింది. ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టుకుంటే, దళితుల చేతిలోంచి భూమి ఎలా జారిపోయిందో, పెద్దల చేతికి ఎలా చేరిందో అర్థమవుతుంది. ‘కష్టపడి సంపాదించి కొనుక్కున్నాం’ అనే ప్రతి కాలనీ కథలోనూ ప్రభుత్వం చేయి ఎంతో కొంత ఉంటుంది.

జీతం ఒకటే, చేతి డబ్బు వేరు

కోటీ 20 లక్షల ఫ్లాటు తీసుకుందాం. నిర్మాణంలో ఉన్నది. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 75 లక్షలు దాటిన గృహరుణం ఆస్తి విలువలో 75 శాతానికి మించకూడదు. అంటే బ్యాంకు ఇచ్చేది గరిష్ఠంగా 90 లక్షలు. మిగతా 30 లక్షలు మనమే పెట్టుకోవాలి. దానిపై 5 శాతం జీఎస్టీ అంటే 6 లక్షలు. తెలంగాణలో స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషన్ రుసుములు కలిపి సుమారు ఏడున్నర శాతం, అంటే మరో 9 లక్షలు. ఈ ఖర్చులను సాధారణంగా బ్యాంకు రుణంలో కలపదు. మొత్తం 45 లక్షలు చేతిలో ఉంటే తప్ప తాళంచెవి రాదు.

ఒకే కంపెనీలో, ఒకే జీతంతో పనిచేసే ఇద్దరికి ఈఎంఐ కట్టే శక్తి సమానమే. కానీ ఆ 45 లక్షలు జీతంలోంచి రావు. ఊళ్లో అర ఎకరం అమ్మితేనో, మామగారు కట్నంగా ఇస్తేనో, తండ్రి పాత ఇల్లు తాకట్టు పెడితేనో వస్తాయి. కూలి చేసి చదివించిన అమ్మానాన్నల బిడ్డకు ఆ దారులేవీ లేవు. పైగా ఊళ్లో అప్పులు, చెల్లి పెళ్లి, తమ్ముడి ఫీజు అదే జీతం మోయాలి. అందువల్ల దళిత ఉద్యోగి సాధారణంగా ఇల్లు ఆలస్యంగా, దూరంగా, చిన్నదిగా కొంటాడు. ఈ తేడాకు కారణం ఒక తరం పొదుపు చేయకపోవడం అనుకుంటే పొరపాటు. భూమి, ఆస్తి తరతరాలుగా ఎవరి చేతిలో ఉన్నాయన్నదే కారణం.

కులం పేరెత్తని ప్రశ్నలు

ఈ అడ్డంకి దాటి వచ్చినవాళ్లకు ఎదురయ్యే ప్రశ్నలు మాకందరికీ తెలిసినవే. ఇంటిపేరేంటి? సొంతూరు ఏది, ఊళ్లో ఏ వైపు? నాన్నగారు ఏం చేసేవారు? వెజ్జా, నాన్‌వెజ్జా? ఏ చర్చికి వెళ్తారు? ఉద్యోగం ఏ కోటాలో వచ్చింది? విడివిడిగా చూస్తే ఇవన్నీ పలకరింపులే. కలిపి చూస్తే కులం కనుక్కునే ప్రశ్నావళి.

వీటిలో తిండి ప్రశ్న గురించి కొంచెం ఆగి చెప్పాలి. ‘వెజిటేరియన్స్ ఓన్లీ’ అన్న బోర్డు చట్టం కంటికి అలవాటుకు సంబంధించిన షరతులా కనిపిస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో మాంసం తినేవాళ్లే అత్యధికులు. ఓనర్లుగా ఉన్న ఆధిపత్య కులాల్లో కూడా చాలామంది తింటారు. అలాంటి ఓనరే దళిత కుటుంబం అడిగినప్పుడు ‘మా ఇంట్లో బీఫ్ వండరాదు’ అని ముందే చెబుతాడు. ఎదుటివాళ్లు తింటారో లేదో అడగడు కూడా. వాసన, శుభ్రత, ‘బంధువులు ఎక్కువగా వస్తారు’, ‘గోల’ అన్న మాటలు కూడా ఇలాగే పనిచేస్తాయి. ప్రశాంతత అన్న మాట అసలు అర్థం ఇక్కడ బయటపడుతుంది. వినాయక చవితి మైకు పండగ అవుతుంది. అంబేడ్కర్ జయంతి డప్పు మాత్రం గోల అవుతుంది.

అమ్మకంలో తిరస్కరణ మరింత మెత్తగా ఉంటుంది. ఫ్లాటు చూపించి, రేటు మాట్లాడి, బయానా తీసుకునే ముందు పాన్ కార్డు మీద పేరు చూశాక ‘మా అన్నయ్య అమ్మొద్దంటున్నాడు’, ‘వేరే పార్టీ వచ్చింది’ అంటారు. ఇక ‘మనవాళ్లకే’ అన్న పిలుపుతో కుల సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో మాత్రమే తిరిగే వెంచర్లు ఉంటాయి. వాటి ప్రకటన మన కంటపడదు కాబట్టి తిరస్కరించే అవసరం కూడా రాదు.

చట్టం ఎంతవరకు వస్తుంది

రాజ్యాంగం. 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. ఇది ప్రభుత్వం మీదే కాదు, ప్రైవేటు వ్యక్తుల మీదా పనిచేస్తుంది. 19(1)(ఇ) దేశంలో ఎక్కడైనా నివసించే స్వేచ్ఛనిస్తుంది. 15(2) దుకాణాలు, హోటళ్లు, బావులు, రోడ్ల వంటి చోట్ల పౌరుల మధ్య వివక్షను నిషేధిస్తుంది. ఆ జాబితాలో ఇల్లు లేదు. అయితే ‘దుకాణం’ అన్న మాటను విశాలార్థంలో వాడామని, సేవలు అందించే ఎవరైనా అందులోకి వస్తారని 1948 నవంబర్‌లో రాజ్యాంగ సభలో అంబేడ్కర్ వివరించారు. ఆ వివరణను ఆధారం చేసుకునే 2011లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డి సభ్యుడిగా ఉన్న సుప్రీంకోర్టు ధర్మాసనం ప్రైవేటు విద్యాసంస్థలను కూడా 15(2) పరిధిలోకి తెచ్చింది. ఫ్లాట్లను బహిరంగంగా ప్రకటించి అమ్మే బిల్డరు కూడా ఆ అర్థంలో ‘దుకాణమే’ అని వాదించడానికి ఈ తీర్పు దారి చూపిస్తుంది.

అడ్డుగా నిలిచే తీర్పు. అహ్మదాబాద్‌లోని జొరాష్ట్రియన్ కోఆపరేటివ్ హౌసింగ్ సొసైటీ తన సభ్యత్వాన్ని పార్శీలకే పరిమితం చేస్తూ పెట్టుకున్న బైలాను 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది. సంఘంగా ఏర్పడే స్వేచ్ఛలో ఎవరిని చేర్చుకోవాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ కూడా ఉందని, సొసైటీ మీద ప్రాథమిక హక్కులను ప్రయోగించలేమని చెప్పింది. అది ఒక చిన్న మైనారిటీ సమాజం తనను కాపాడుకునే సందర్భం. కానీ అదే తర్కం ఆధిపత్య కులాల చేతికి దొరికితే కొత్త అగ్రహారాలకు ముద్ర వేసినట్టే. ‘బ్రాహ్మణులకు మాత్రమే’ అని ప్రకటించుకున్న టౌన్‌షిప్పులు బెంగళూరు శివార్లలో వార్తలకెక్కాయి.

పౌరహక్కుల పరిరక్షణ చట్టం, 1955. మన న్యాయవాదులే తరచుగా మరిచిపోయే చట్టం ఇది. సెక్షన్ 4లోని 8వ క్లాజ్ ప్రకారం, అంటరానితనం కారణంగా ఏ ప్రాంతంలోనైనా నివాస గృహం కట్టుకోవడానికి, సంపాదించుకోవడానికి, అందులో ఉండటానికి అడ్డుపడటం నేరం. ‘సంపాదించుకోవడం’లో కొనడం ఉంది. ‘ఏ ప్రాంతంలోనైనా’లో గేటెడ్ కమ్యూనిటీ ఉంది. సెక్షన్ 7 వివరణలో ఇల్లు అద్దెకివ్వకపోవడాన్ని బహిష్కరణ కింద లెక్కించారు. అన్నిటికంటే విలువైనది సెక్షన్ 12. బాధితులు షెడ్యూల్డ్ కులానికి చెందినవారైతే, ఆ చర్య అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు భావించాలి. కాదని నిరూపించుకోవాల్సింది నిందితులు. శిక్ష మాత్రం నెల నుంచి ఆరు నెలల జైలు, 100 నుంచి 500 రూపాయల జరిమానా. కోట్ల విలువైన లావాదేవీ ముందు 500 రూపాయల జరిమానా ఎవరినీ భయపెట్టదు. జాతీయ నేర గణాంకాల్లో ఈ చట్టం కింద నమోదయ్యే కేసులు ఏటేటా అతి స్వల్పం.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989. 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చిన సవరణలతో ఇది బలపడింది. ఇంటి విషయంలో నాలుగు క్లాజులు ముఖ్యం. 3(1)(జెడ్): ఇల్లు, ఊరు, నివాసం విడిచిపోయేలా చేయడం. 3(1)(జెడ్‌సీ): సామాజిక, ఆర్థిక బహిష్కరణ విధించడం లేదా బెదిరించడం. 3(1)(ఆర్), (ఎస్): పదిమంది చూసేచోట అవమానించడం, కులం పేరుతో తిట్టడం. వీటికి ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష. సెక్షన్ 18ఏ ప్రకారం ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదు. మా కులం వాళ్లకు తెలియదన్న సాకుకు సెక్షన్ 8 జవాబిస్తుంది: బాధితులతో లేదా వారి కుటుంబంతో పరిచయం ఉంటే కులం తెలుసనే కోర్టు భావిస్తుంది.

‘పదిమంది చూసేచోటు’ అన్న మాట అపార్టుమెంట్లలో చిక్కు తెస్తుంది. ఇంటి గేటు దగ్గర అన్న మాట దాని కిందికి వస్తుందని స్వరణ్ సింగ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. బయటివాళ్లెవరూ లేకుండా నాలుగు గోడల మధ్య అన్నది రాదని 2020లో హితేశ్ వర్మ కేసులో చెప్పింది. ఇంటర్నెట్‌లో పెట్టిన వీడియోలోని అవమానం కూడా వస్తుందని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. కారిడార్, లిఫ్ట్, క్లబ్‌హౌస్‌లలో జరిగినదానికి సాక్షులు ఎవరున్నారో రాసి పెట్టుకోవడం అందుకే ముఖ్యం.

దళిత క్రైస్తవులు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారినవారికి ఎస్సీ హోదా లేదు. క్రైస్తవం స్వీకరించిన వ్యక్తి అత్యాచారాల చట్టం రక్షణ కోరలేరని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పిచ్చింది. ఓనరు మాత్రం చర్చి పేరు వినగానే మాల, మాదిగ అనే లెక్కేస్తాడు. పౌరహక్కుల చట్టంలోని సెక్షన్ 4 ‘ఏ వ్యక్తికైనా’ అంటుంది కాబట్టి ఆ తలుపు పూర్తిగా మూసుకోలేదు. కానీ సెక్షన్ 12 ఇచ్చే వెసులుబాటు ఎస్సీలకే.

రెరా. 2016 నాటి స్థిరాస్తి చట్టం కింద ప్రాజెక్టు రిజిస్టర్ చేసేటప్పుడు ప్రమోటరు ఫారం-బిలో ప్రమాణపూర్వక ప్రకటన ఇస్తాడు. ఫ్లాటు, ప్లాటు కేటాయింపులో ఏ కారణంతోనూ కొనుగోలుదారుల మధ్య వివక్ష చూపనని అందులో ఒక వాక్యం ఉంటుంది. బిల్డరు తిరస్కరిస్తే సెక్షన్ 31 కింద రెరాకు ఇచ్చే ఫిర్యాదులో ఈ వాక్యాన్నే ఎత్తి చూపాలి. పాత ఇళ్ల మధ్య వ్యక్తుల అమ్మకాలకు ఇది వర్తించదు.

గేటు లోపలికి వచ్చాక

రిజిస్ట్రేషన్ అయిపోయాక వివక్ష రూపం మారుతుంది. అపార్టుమెంటు సంఘాలు సొసైటీల చట్టం కిందో, పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కిందో రిజిస్టర్ అవుతాయి. సభ్యత్వం, ఓటు, లెక్కలు చూసే హక్కు ప్రతి ఓనరుకూ ఉంటాయి. కానీ గుడి కట్టాలా, క్లబ్‌హౌస్‌లో ఏ ఫంక్షన్ చేయాలి, ఎవరి జయంతికి డబ్బులు తీయాలి అన్న నిర్ణయాలు మీటింగుకు ముందే నలుగురి మధ్య జరిగిపోతాయి. పిల్లలు ఆడుకునే గుంపులో, పండగ పళ్లెం మార్పిడిలో వదిలేయడం మినిట్స్ పుస్తకానికెక్కదు.

పనివాళ్ల సంగతి వేరుగా చూడలేం. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు, చెత్త తీసేవాళ్లు, డ్రైనేజీ శుభ్రం చేసేవాళ్లలో చాలామంది మనవాళ్లే. వాళ్లకు వేరే లిఫ్టు, వేరే టాయిలెట్, బెంచీ మీద కూర్చోకూడదన్న నోటీసు, గేటు దగ్గర సంచి వెతకడం మామూలైపోయాయి. ఓనరుగా లోపలికెళ్లిన దళిత కుటుంబం ఈ నోటీసు కింద సంతకం పెట్టాల్సిన స్థితి వస్తుంది. సంతకం పెడితే నిశ్శబ్దంగా అంగీకరించినట్టు. పెట్టకపోతే ‘వీళ్లకెందుకంత బాధ?’ అన్న చూపు. లోపలికెళ్లిన దళితులు పెట్టాల్సిన మొదటి తీర్మానం ఆ లిఫ్టు గురించే అయితే, మన ప్రవేశానికి అర్థం ఉంటుందని మేం అనుకుంటాం.

ఈ శివారుకు ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. 2016 జనవరిలో గచ్చిబౌలిలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టల్ నుంచి బహిష్కరించిన ఐదుగురు దళిత పరిశోధకులు ఆరుబయట పడుకుని, ఆ చోటుకు వెలివాడ అని పేరు పెట్టారు. వాళ్లలో ఒకరైన రోహిత్ వేముల జనవరి 17న చనిపోయాడు. ఐటీ టవర్ల నడుమ వెలివాడ ఎందుకు వెలసిందో తెలియకుండా ఈ ప్రాంతం గురించి రాయడం అసాధ్యం.

వెతికేటప్పుడు, కొనేటప్పుడు

- బ్రోకరుతో, బిల్డరుతో మాటలు వీలైనంతవరకు వాట్సాప్, ఈమెయిల్‌లో నడపండి. ఫోనులో మాట్లాడితే వెంటనే ‘ఇందాక మీరు చెప్పినట్టు’ అని సందేశం పంపండి. తేదీలు రాసుకోండి.
- కాదన్నప్పుడు కారణం రాతపూర్వకంగా అడగండి. తర్వాత అదే ఇల్లు ఇంకా ఖాళీగా ఉందేమో వేరే పేరున్న మిత్రుడితో అడిగించి ఆ జవాబు కూడా దాచండి.
- రెరా నంబరు, లింక్ డాక్యుమెంట్లు, ఈసీతో పాటు 22ఏ నిషేధిత జాబితా చూడండి. భూమి అసైన్డ్ అయితే కొనొద్దు. నష్టపోయేది మీరొక్కరే కాదు, దాన్ని పోగొట్టుకున్న కుటుంబం కూడా.
- కొనే ముందే అసోసియేషన్ బైలాలు అడిగి చదవండి. అద్దె, తిండి, పనివాళ్లపై ఉన్న నిబంధనలు గుర్తుపెట్టుకోండి.
- ఫిర్యాదులో 1955 చట్టం సెక్షన్ 4, 12లను పేరు పెట్టి రాయండి. పోలీసులు తీసుకోకపోతే అత్యాచారాల చట్టం సెక్షన్ 4 కింద అధికారి నిర్లక్ష్యం కూడా నేరమేనని గుర్తుచేయండి. జాతీయ హెల్ప్‌లైన్ 14566. కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీకీ, జాతీయ ఎస్సీ కమిషన్‌కూ ప్రతి పంపండి. కమిషన్‌కు విచారణలో సివిల్ కోర్టు అధికారాలున్నాయి.

సముద్రం అవతల

అమెరికాలో నల్లవాళ్లకు ఇల్లు అమ్మరాదని దస్తావేజుల్లోనే రాసుకునేవారు. ఆ షరతులను కోర్టులు అమలు చేయరాదని 1948లో షెల్లీ వర్సెస్ క్రేమర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, 1968 ఏప్రిల్ 11న, ఫెయిర్ హౌసింగ్ చట్టం వచ్చింది. అమ్మకం, అద్దె, రుణం మూడింటిలోనూ జాతి వివక్షను అది నిషేధించింది. ఆ చట్టం నీడలో అక్కడి మంచి శివార్లలో ఇళ్లు కొనుక్కున్న తెలుగువాళ్లు తమవెంట కులాన్నీ తీసుకెళ్లారు. అందుకే 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగరం ఉద్యోగాలతో పాటు ఇళ్ల విషయంలోనూ కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నర్ అక్టోబర్‌లో వీటో చేశారు. కులం పేరుతో ఇల్లు నిరాకరించడాన్ని స్పష్టంగా నిషేధించే నగర చట్టం సియాటెల్‌కు ఉండగా హైదరాబాద్‌కు, విజయవాడకు, విశాఖకు ఎందుకు లేదన్నది మనం అడగాల్సిన ప్రశ్న.

ఏం అడగాలి

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంటి అమ్మకం, అద్దె, రుణం, అసోసియేషన్ సభ్యత్వాలలో కుల, మత వివక్షను నిషేధించే చట్టం కావాలి. అందులో జరిమానా ఆస్తి విలువను బట్టి ఉండాలి. సెక్షన్ 12 తరహా భారం దళిత క్రైస్తవులకు, ముస్లింలకు జరిగే వివక్షకూ వర్తించాలి. సొసైటీల రిజిస్ట్రార్లు వేరే లిఫ్టు, వేరే టాయిలెట్ వంటి నిబంధనలున్న బైలాలను తిరస్కరించాలి. ఫారం-బి హామీ ఉల్లంఘనపై ఫిర్యాదు ఎలా చేయాలో రెరా సంస్థలు ప్రతి ప్రాజెక్టు సేల్స్ ఆఫీసులో తెలుగులో బోర్డు పెట్టించాలి.

ఇవేవీ వచ్చేదాకా ఆగనక్కర్లేని పని విద్యార్థులది. థోరట్ బృందం ఢిల్లీ పరిసరాల్లో చేసిన జంట పరీక్ష హైదరాబాద్, విజయవాడ, విశాఖ, తిరుపతిలో చేయొచ్చు. ఒకే ఉద్యోగం, ఒకే జీతం, రెండు ఇంటిపేర్లు. వంద ప్రకటనలకు ఫోన్ చేసి, ఏ పేరుకు ఏ జవాబు వచ్చిందో ఒకే రకం పట్టికలో తేదీతో సహా నమోదు చేయాలి. ఓనర్ల పేర్లు బయటపెట్టనక్కర్లేదు. మార్గదర్శకుడిగా ఒక అధ్యాపకుడు, విశ్వవిద్యాలయం నైతిక అనుమతి, రెండు నెలల సమయం చాలు. ఆ పట్టిక మన చేతిలో ఉంటే, ‘ఇక్కడ అలాంటివి లేవండీ’ అనే కమిషనరుకూ మంత్రికీ జడ్జికీ చూపించడానికి ఒక కాగితం ఉంటుంది.